దేన్ని పట్టుకున్నారో ముందు చూడండి

(అమలాపురంలో వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడు గట్టిగానే ఉంది. వెనక బెంచీలకి వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మీ సార్ నాకు ఫోన్ చేసి, వెబ్ డిజైన్ మీద గంటసేపు మాట్లాడమన్నారు. గంటలో వెబ్ డిజైన్ మొత్తం ఎక్కడ చెబుతామండీ? అందుకని ఒక్క వస్తువు పట్టుకొచ్చాను. వెబ్ పేజీలు తయారుచేసే డ్రీమ్‌వీవర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే స్క్రీన్ అడుగున అడ్డంగా ఓ పట్టీ ఉంటుంది. దాన్ని ప్రాపర్టీ ఇన్‌స్పెక్టర్ అంటారు. మేం మాత్రం ఎప్పుడూ ‘ప్రాపర్టీస్’ అనే అనుకున్నాం. స్క్రీన్ డిజైన్లు గీసే ఫిగ్మాలో అదే కుడి పక్కన నిలువుగా ఉంటుంది. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లోనూ కుడి పక్కనే. ఎక్కడున్నా దాని గుణం ఒకటే. మీరు బొమ్మ మీద క్లిక్ చేస్తే బొమ్మ సంగతులు చెబుతుంది, టేబుల్ మీద క్లిక్ చేస్తే టేబుల్ సంగతులు చెబుతుంది. మీరు ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు.

నేను దీన్ని మొదటిసారి చూసింది 2002లో, పాలకొల్లులో ఓ ఇంటర్నెట్ సెంటర్‌లో. పగలు జనానికి రైల్వే టికెట్లు, పరీక్షల రిజల్ట్స్ తీసిపెట్టేవాళ్ళం. రాత్రి షట్టర్ సగం దించేసి డ్రీమ్‌వీవర్ నేర్చుకునేవాళ్ళం. నేర్పేవాడు లేడు. రెండు రోజులు నాకు అది పాడైపోయిన సాఫ్ట్‌వేర్‌లాగే అనిపించింది. నిన్న కింద వెడల్పు రాసే గడి ఉంది, ఇవాళ చూస్తే లేదు. నిన్న లేని బోల్డ్ బటన్ ఇవాళ వచ్చి కూర్చుంది. మా ఓనరు గారైతే ‘వైరస్ ఏమో, ఫార్మాట్ కొట్టెయ్’ అన్నారు. కొట్టేశాను కూడా! మళ్ళీ ఎక్కించాక అదే తంతు. అప్పుడుగానీ వెలగలేదు, నిన్న నేను క్లిక్ చేసింది బొమ్మ మీద, ఇవాళ క్లిక్ చేసింది అక్షరాల మీద అని.

ఈ పద్ధతి డ్రీమ్‌వీవర్‌తో మొదలవలేదు. 1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అనే కంప్యూటర్ తెచ్చింది. దాని కీబోర్డులో ప్రాపర్టీస్‌కని ప్రత్యేకంగా ఒక కీ ఉండేది. ముందు స్క్రీన్ మీద ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఆ తర్వాత ఆ కీ నొక్కాలి. అప్పుడు ఆ వస్తువు గుణాలన్నీ ఒక పట్టికలా వచ్చేవి. అదే జిరాక్స్ పరిశోధనశాలలో లారీ టెస్లర్ అనే ఆయన పనిచేశారు. మనం రోజూ వాడే కట్, కాపీ, పేస్ట్ ఆయన పనే. 2020లో పోయారు. ఆయన పట్టుదల ఒక్కటే: వాడేవాడు ముందు ‘చెరిపే పని’ అని చెప్పి, ఆ తర్వాత ఏది చెరపాలో చూపించడం వద్దు. ముందు వస్తువును చూపించనివ్వండి, పని తర్వాత అడగండి అని.

ఇది మనకి కొత్తేం కాదు, మన భాషే అలా ఉంది. ‘తలుపు వెయ్యి’, ‘కొబ్బరికాయ కొట్టు’, ‘ఆ బొమ్మ కాస్త చిన్నది చెయ్యి’. ఏది అన్నది ముందు వస్తుంది, ఏం చెయ్యాలి అన్నది చివర వస్తుంది. ఇంగ్లీషువాడు క్రియతో మొదలుపెట్టి వస్తువు దగ్గరికి వస్తాడు. ఈ పట్టీ, అదే ఈ ప్యానెల్, మాత్రం తెలుగు వరసలో పనిచేస్తుంది. నిజానికి నేర్చుకోవడానికి మనకి ఇంతకంటే తేలికైంది ఉండకూడదు. అయినా తడబడతాం. ఎందుకంటే, వస్తువును చూపించేశాం అని మనం అనుకుంటాం. కంప్యూటర్‌కి కనబడింది వేరేది.

ఇప్పుడు ప్రొజెక్టర్ చూడండి. ఇది ఆత్రేయపురం పూతరేకులు అమ్మే ఓ షాపు కోసం చేసిన పేజీ. నమూనా అనుకోండి, పేరు తీసేశాను. పైన బొమ్మ, కింద రెండు పేరాలు, ఆ కింద ధరల టేబుల్. బెల్లం రేకులు, పంచదార రేకులు, డ్రైఫ్రూట్ రేకులు.

కర్సర్ పేరాలో పెట్టాను. కింద చూడండి: ఫార్మాట్ అని ఉంది, దాన్లో పేరాగ్రాఫ్, హెడింగ్ 1, హెడింగ్ 2. పక్కన క్లాస్, లింక్, బోల్డ్, ఇటాలిక్, లిస్టు బటన్లు. ఇప్పుడు బొమ్మ మీద ఒక్క క్లిక్. అవన్నీ పోయాయా? ఎడమ మూలన బుల్లి బొమ్మ వచ్చింది, దాని పక్కన ‘ఇమేజ్’ అని రాసి, ఎన్ని కేబీలో కూడా వేశాడు. వెడల్పు, ఎత్తు, ఫైలు ఎక్కడుంది, లింక్, ఆల్ట్. ఈ ఆల్ట్ గడి ఖాళీగా వదిలెయ్యకండి. కళ్ళు కనబడనివాళ్ళ స్క్రీన్ రీడర్ చదివేది అక్కడ మీరు రాసిన ముక్కే. ‘ఇమేజ్ 1’ అని రాస్తే వాళ్ళకి ఏం తెలుస్తుంది? ‘అరిటాకు మీద నాలుగు పూతరేకులు’ అని రాయండి.

ఆ ఎడమ మూల చూశారా, నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా అక్కడే ఉంది. అక్కడ ఏ పేరు రాసి ఉందో చూడకుండా ఏ గడిలోనూ వేలు పెట్టకండి. నేను పెట్టి ఎలా చెడ్డానో చెబుతాను.

2005 ప్రాంతంలో నర్సాపురం వైపు నుంచి ఒకావిడ వచ్చారు. లేసు అల్లించి బయటికి పంపుతారు. టేబుల్ క్లాతులు, డాయిలీలనే చిన్న లేసు గుడ్డలు, చంటిపిల్లల టోపీలు. కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నారు, 14 ఫోటోలు తీసి సీడీలో తెచ్చారు. ఒక్కోటి సుమారు 3 ఎంబీ. నేను వాటిని పేజీలో పెట్టేసి, ఒక్కోదాన్నీ క్లిక్ చేసి, ప్యానెల్‌లో వెడల్పు 150 అని కొట్టాను. పేజీలో బొమ్మ బుల్లిదైపోయింది. అందంగా వరసగా కూర్చున్నాయి. డబ్బులు పుచ్చుకున్నాను.

వారం తర్వాత ఆవిడ ఫోన్. ‘ఇదేంటండి బాబూ, మా పార్టీకి పేజీ తెరుచుకోవట్లేదంటున్నారు. పైన ఒక బొమ్మ సగం వచ్చి ఆగిపోయిందంట.’ నేను కూడా ‘వాళ్ళ లైను బాలేదేమోనండీ’ అని ధీమాగా చెప్పాను. తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. అప్పట్లో ఫోన్ లైను మీద నడిచే 56 కిలోబిట్ల మోడెమ్‌లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. లైను ఎంత బాగున్నా సెకనుకి 7 కిలోబైట్లు. 3 ఎంబీ ఫోటో దిగడానికి ఏడు నిమిషాల పైన. 14 ఫోటోలకి గంటా నలభై నిమిషాలు. అల్లేవాళ్ళు ఈలోపు ఒక డాయిలీ సగం అల్లేస్తారు. (నవ్వులు)

తప్పెక్కడ జరిగింది? ప్యానెల్‌లో వెడల్పు 150 అని రాస్తే, నేను మార్చింది బొమ్మని కాదు. ‘ఈ బొమ్మని 150 వెడల్పులో చూపించు’ అని పేజీలో ఒక మాట రాశాను, అంతే. ఫైలు ఫైలుగానే ఉంది, 3 ఎంబీతో. పెద్ద బియ్యం బస్తా తెచ్చి, మీద ‘శేరు’ అని చీటీ అంటించినట్టు. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతేంటంటే, ప్యానెల్ నాకు ఆ మాట చెబుతూనే ఉంది. ఎడమ మూలన ‘ఇమేజ్’ అని రాసి పక్కనే మూడు వేల చిల్లర కేబీ అని వేసింది. వెడల్పు, ఎత్తు అంకెలు బొద్దుగా మారిపోయాయి, అంటే ‘ఇది దీని అసలు కొలత కాదు సుమా’ అని. పక్కన గుండ్రటి బాణం కూడా పెట్టింది, అసలు కొలతకి తీసుకెళ్ళడానికి. పద్నాలుగుసార్లు చెప్పింది, నేను పద్నాలుగుసార్లూ చూడలేదు. చివరికి ఒక్కో ఫోటోనీ వేరే సాఫ్ట్‌వేర్‌లో నిజంగానే చిన్నది చేసి మళ్ళీ పెట్టాను. ఆవిడ దగ్గర దానికి డబ్బులడగలేదు, అడిగే మొహమూ లేదు.

సరే, టేబుల్‌కి వద్దాం. అసలు గొడవంతా ఇక్కడే. ‘బెల్లం రేకులు’ అని రాసిన గడిలో కర్సర్ పెట్టాను. ప్యానెల్ రెండు అంతస్తులుగా వచ్చింది చూడండి. పైన సగం అక్షరాలకి, కింద సగం ఆ గడికి, ‘సెల్’ అని రాసి ఉంది. కుడి కింద మూలన బుల్లి బాణం ఉంది, అది నొక్కితే కింద సగం మూసుకుపోతుంది. చాలామంది అది మూసేసుకుని ‘సెల్‌కి రంగు వెయ్యడం ఎక్కడండీ’ అని వెతుకుతుంటారు. ఇప్పుడు ఈ నలుగురూ ఒక గడిలో ఉన్నారనుకోండి: అక్షరం, గడి, వరస, టేబుల్. కర్సర్ పెట్టింది ఒక్కచోటే. మీ మనసులో ఉన్నది వీళ్ళలో ఎవరో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

అందుకే డాక్యుమెంట్ కింద అంచున ట్యాగుల వరస ఒకటి పెట్టారు. ఎడమ నుంచి బాడీ, టేబుల్, టీఆర్, టీడీ అని. టీడీ మీద నొక్కితే గడి, టీఆర్ మీద నొక్కితే వరస మొత్తం, టేబుల్ మీద నొక్కితే టేబుల్ మొత్తం. మౌస్‌తో అంచు పట్టుకోవడానికి తంటాలు పడక్కర్లేదు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. మన వైపువాళ్ళకి ఇది వేరే చెప్పాలా? కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసినప్పటి నుంచీ మన నీళ్ళ లెక్క ఇదే కదా. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, పంటబోదె, చివర మీ చేలో తూము. మీ చేను ఒక్కటే తడవాలంటే తూము ఎత్తాలి. లాకుల దగ్గరికెళ్ళి తలుపులు ఎత్తారనుకోండి, ఊళ్ళో చేలన్నీ తడుస్తాయి. ఏ మెట్టు దగ్గర చెయ్యి వేశామన్నదే లెక్క.

ఈ కాలువ సంగతి అక్షరాల రంగు దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. డ్రీమ్‌వీవర్ ఎనిమిదో వెర్షన్ నడిచే రోజుల్లో భీమవరంలో ఒక రొయ్యల మేత డీలరుకి పేజీ చేశాను. ధరలన్నీ ఎర్రగా కావాలన్నారు. నేను ఒక్కో ధరనీ మౌస్‌తో పట్టుకుని, ప్యానెల్‌లో రంగు నొక్కుతూ పోయాను. మధ్యమధ్యలో సైజు కూడా పెంచాను. పని అయిపోయింది, అందరూ సంతోషం. నెల తర్వాత ఆయన ‘ఎరుపు వద్దండీ, నష్టంలా ఉంది. ఆకుపచ్చ చెయ్యండి’ అన్నారు. కోడ్ తెరిచి చూస్తే స్టైల్1, స్టైల్2, స్టైల్3 అని వరసగా ముప్పై పైచిలుకు. ప్రతిసారీ నేను రంగో సైజో మార్చగానే, ఆ ప్యానెల్ నాకు చెప్పకుండా కొత్త స్టైల్ ఒకటి పుట్టించి పేరు పెట్టేస్తూ పోయింది. ఎక్కడికక్కడ తూము తవ్వుకున్నాను, లాకు అనేదే లేదు. ఆ రోజు ఒక్కోటీ వెతికి మార్చేసరికి తెల్లారింది.

ఇందులో తప్పు సగం నాది, సగం ఆ ప్యానెల్ తీరుది. నేను ఇది మొహమాటం లేకుండా చెబుతాను. తయారుచేసినవాళ్ళకీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. 2005లో డ్రీమ్‌వీవర్ తయారుచేసే మాక్రోమీడియా కంపెనీని అడోబీ కొనేసింది కదా, ఆ తర్వాత 2008లో వచ్చిన సీఎస్4 వెర్షన్‌లో ఈ ప్యానెల్‌ని రెండుగా విడగొట్టారు. ఎడమ పక్కన రెండు బటన్లు: హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్. హెచ్‌టీఎంఎల్ నొక్కితే, ఇది హెడింగా, పేరానా, లింకా అన్నది చూపిస్తుంది. సీఎస్ఎస్ నొక్కితే రంగు, ఫాంటు, సైజు చూపిస్తూ, పైన ‘టార్గెటెడ్ రూల్’ అని ఒక గడి పెట్టింది. రూల్ అంటే ‘ఫలానావి ఇలా కనబడాలి’ అని సీఎస్ఎస్‌లో రాసుకున్న మాట. మీరు మార్చబోయేది ఏ రూల్‌నో ముందే చెప్పమంటుంది. లాకు దగ్గర ఎత్తుతున్నావా, తూము దగ్గరా అని అడగడమే అది. ఆ గడి చూడకుండా రంగు మార్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక ధరకి రంగేస్తే పేజీలో హెడింగులన్నీ పచ్చబడి, ‘సార్, సాఫ్ట్‌వేర్ బగ్’ అంటారు.

తెలుగు పేజీలు చేసేవాళ్ళకి రెండు ముక్కలు. ఫాంట్ల జాబితా దించితే మీకు ‘గౌతమి’ కనబడుతుంది, విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు. మన గోదావరి పాయ పేరు చూసి మొదటిరోజు నేను మురిసిపోయాను, అది వేరే సంగతి. అసలు సంగతేంటంటే, ప్యానెల్‌లో ఇటాలిక్ బటన్ ఉంది కదా అని తెలుగు మీద నొక్కకండి. మన అక్షరాలకి అలా పక్కకి వాలే రూపం లేదు. గుండ్రటి అక్షరాన్ని పక్కకి తోసినట్టు వికారంగా ఉంటుంది. రెండోది, లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషుకి సరిపడే ఎడం పెడితే ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తులు కింద లైను గుడుల మీద పడతాయి. ఒక్కోసారి సగం తెగిపోతాయి కూడా. ఫిగ్మాలో లైన్ హైట్ గడి ఉంది, సీఎస్ఎస్‌లో అదే ఉంది. నేనైతే 1.6కి తక్కువ పెట్టను. ఇది రూలేం కాదు, నా కంటి లెక్క.

ఫిగ్మా వాడేవాళ్ళు ఎంతమంది? ఓ, సగం పైనే. మీకు ఒక మాట కనబడుతుంటుంది, ‘మిక్స్‌డ్’ అని. నాలుగు వస్తువులు ఒకేసారి పట్టుకుంటే, వాటి సైజులు వేరువేరుగా ఉంటే ఆ గడిలో అంకె వెయ్యడు, మిక్స్‌డ్ అంటాడు. దాని మీద 16 అని కొట్టారో, నాలుగూ 16 అయిపోతాయి. తెలిసి చేస్తే గంట పని నిమిషంలో అవుతుంది, తెలియక చేస్తే కంట్రోల్ జెడ్డే దిక్కు. ఇక డ్రీమ్‌వీవర్లో ట్యాగుల వరస చేసే పని అక్కడ ఎంటర్ కీ చేస్తుంది. ఎంటర్ కొడితే లోపలున్నవాటిలోకి దిగుతారు, షిఫ్ట్ ఎంటర్ కొడితే పైనున్న ఫ్రేమ్‌కి ఎక్కుతారు. వర్డ్‌ప్రెస్ వాళ్ళకి అయితే, 2018 చివర్లో 5.0తో బ్లాక్ ఎడిటర్ వచ్చింది, అందులో ఒక్కో పేరా, ఒక్కో బొమ్మ ఒక్కో బ్లాకు. కుడి పక్కన పైన రెండు ట్యాబులుంటాయి, ఒకటి మొత్తం పోస్టుకి, ఒకటి మీరు పట్టుకున్న బ్లాకుకి. ‘రంగు మార్చే గడి మాయమైంది’ అని నాకు వచ్చే ఫోన్లలో సగం, ఆ మొదటి ట్యాబులో ఉండిపోయినవాళ్ళవే.

అడగండి, ఎవరైనా. ఆ బాబు చెయ్యెత్తాడు.

(విద్యార్థి: సార్, కోడ్ నేర్చుకున్నాక ఈ ప్యానెల్‌తో పనేముంది?)

మంచి ప్రశ్న. బ్రౌజర్లో ఎఫ్12 నొక్కి చూశావా? ఎడమ పక్కన కోడ్, దాన్లో ఒక లైను మీద క్లిక్ చేస్తే పక్కన స్టైల్స్ అని వస్తుంది. అదేమిటి మరి? ఇదే ప్యానెల్. కోడ్‌తో బతికేవాళ్ళు రోజంతా కూర్చునేది దాని ముందే. ఇంకా మెరుగు కూడా. ఏ రూల్ గెలిచింది, ఏది ఓడిపోయింది అన్నది గీత కొట్టి మరీ చూపిస్తుంది. ‘నేను నీలం అని రాశాను, నలుపు ఎందుకొచ్చింది’ అన్నదానికి జవాబు అక్కడ గీత కొట్టిన లైనులో ఉంటుంది. కోడ్ నేర్చుకో, తప్పకుండా నేర్చుకో. ప్యానెల్ ఎక్కడికీ పోదు.

అమ్మా, నువ్వేదో అడగబోయావు?

(విద్యార్థిని: టేబుల్‌ని పేజీ మధ్యకి తెద్దామని సెంటర్ పెడితే, గడిలో అక్షరాలే మధ్యకొస్తున్నాయి సార్. టేబుల్ ఎడమ పక్కనే ఉండిపోతోంది.)

ల్యాప్‌టాప్ తెచ్చావా? ఇలా తీసుకురా, ప్రొజెక్టర్‌కి పెడదాం. తమ్ముడూ, ఆ వైరు కాస్త అందుకో. ఆఁ. ఇప్పుడు కర్సర్ ఎక్కడుంది? గడిలో. కింద సగంలో ఏం రాసి ఉంది, గట్టిగా చదువు.

(సెల్ అని ఉంది సార్.)

మరి సెంటర్ అన్నది ఎవరికి చెప్పావు? సరే. కింద అంచున ట్యాగుల వరసలో టేబుల్ మీద నొక్కు. ఇప్పుడు ప్యానెల్ ఎడమ మూల చూడు.

(టేబుల్.)

అలైన్ అని ఉంది చూడు, దాన్లో సెంటర్. వచ్చిందా? ఇది పాత పద్ధతి అనుకో, ఇప్పుడైతే సీఎస్ఎస్‌లో అటూ ఇటూ మార్జిన్ ఆటో పెడతాం. నీ పని జరగడానికి ఇది చాలు.

(వచ్చింది సార్. కానీ అక్షరాలు కూడా మధ్యలోనే ఉండిపోయాయి.)

అది ఇందాక నువ్వు సెల్‌కి పెట్టింది, ఇంకా అక్కడే ఉంది. మళ్ళీ గడిలోకి వెళ్ళు, కింద సగంలో హారిజాంటల్ అని ఉంటుంది, దాన్ని డిఫాల్ట్ చెయ్యి. ఎన్ని గడులకి పెట్టావు?

(పన్నెండు సార్.)

అయితే ఒక్కోటీ వద్దు. మొదటి గడి మీద నొక్కి, చివరి గడి దాకా లాగు. ఆఁ, పన్నెండూ వచ్చాయి. ఇప్పుడు మార్చు.